ఈ-పుస్తకాలు: అరువు హాయి, కొనుగోలే తిరకాసు

చాలా ఏళ్లుగా నా చదువంతా దాదాపు తెర మీదే. కొన్నవి కొన్ని, లైబ్రరీ యాప్‌లో అరువు తెచ్చుకున్నవి కొన్ని, ఉచితంగా దించుకున్నవి కొన్ని. ఇన్నేళ్లు వాడాక నాకు తేలింది ఒకటే: డబ్బు పెట్టి కొన్నవాటికంటే అరువు పుస్తకాలతోనే నాకు తలనొప్పి తక్కువ.

లిబ్బీ లాంటి యాప్‌లో లైబ్రరీ కార్డు నంబరు కొడితే చాలు, పుస్తకం చేతికొస్తుంది. రాకపోతే హోల్డ్ పెట్టి మన వంతు కోసం చూడాలి. కంప్యూటర్ ఫైలుకి కూడా క్యూ ఏమిటని మొదట్లో తెగ చిరాకు పడేవాణ్ణి. లైబ్రరీలకి చాలావరకు దొరికేది లైసెన్సే, అదీ ఒక కాపీకి ఒక్క పాఠకుడు అనే లెక్కన. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ ఇంకో మెలిక పెట్టింది: 26 సార్లు అరువిచ్చాక లైబ్రరీ మళ్లీ కొనుక్కోవాలి. కాగితం పుస్తకమైతే అన్ని చేతులు మారేసరికి నలిగిపోతుంది కదా అన్నది వాళ్ల వాదన. నలగని వస్తువుకి నలుగుడు ఖర్చు వేయడం చూస్తే నవ్వొస్తుంది, కానీ నిలబడింది. గడువు దగ్గర పడి ఇంకా పేజీలు మిగిలిపోతే ఈ-పుస్తకాలు చదివే పరికరం, అదే రీడర్‌లో వైఫై ఆపేస్తాను. మళ్లీ ఆన్ చేసేదాకా పుస్తకం అందులోనే ఉంటుంది. గడువు తీరితే పక్కవాడి వంతు ఎలాగూ వాడికి వెళ్లిపోతుంది కాబట్టి ఇందులో పాపం లేదనే అనుకుంటాను.

అచ్చులో లేని పాత పుస్తకాలకి, కాగితం పుస్తకాల్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో అరువిచ్చే ఇంటర్నెట్ ఆర్కైవ్‌ని మించింది నాకు దొరకలేదు. గంట అరువులో తిరగేసి, పనికొచ్చేదైతే, వీలున్నచోట 14 రోజులకి తీసుకుంటాను. స్కాన్ పేజీల్లో ఏదో లైబ్రరీ ముద్ర, ఎవరో పెన్సిల్‌తో గీసిన గీత, ఒక్కోసారి స్కాన్ చేసినవాళ్ల వేలి కొస కూడా కనిపిస్తాయి. చిన్న ఈ-ఇంక్ రీడర్‌లో మాత్రం ఈ స్కాన్లు చదవలేం, అక్షరాలు చీమల్లా ఉంటాయి. ట్యాబ్లెట్ ఉండాల్సిందే. ఇలా స్కాన్లు అరువిస్తోందని 2020లో పెద్ద ప్రచురణకర్తలు నలుగురు ఆర్కైవ్ మీద అమెరికాలో దావా వేశారు. 2023లో తీర్పు వాళ్లకే అనుకూలంగా వచ్చింది, 2024లో అప్పీలులోనూ అదే ఖాయమైంది. ఈ కేసు దెబ్బకి 5 లక్షలకి పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి పోయాయి. వాటిని కొనుక్కోలేనివాడు చదవడానికి ఎక్కడికి పోవాలి?

ఇక కొనడం. బటన్ మీద ‘కొనండి’ అనే ఉంటుంది, షరతులు చదివితే మన చేతికొచ్చేది లైసెన్సు. 2009లో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ నవలలు రెండింటిని, అమ్మినవాళ్లకి హక్కులు లేవని, కొన్నవాళ్ల కిండిల్ రీడర్లలోంచి దూరం నుంచే తుడిచేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేస్తే కొన్న పుస్తకాలు తెరుచుకోవడం మానేశాయి. రెండుసార్లూ డబ్బు వెనక్కి ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలు కూడా అమెజాన్ తీసేసింది.

పాతబడ్డాక అమ్ముకుందామన్నా కుదరదు. ప్రచురణకర్త అనుమతి లేకుండా ఈ-పుస్తకాన్ని సెకండ్‌హ్యాండ్‌గా అమ్మకూడదని యూరప్ న్యాయస్థానం 2019లోనే తేల్చింది. అమ్మడం దాకా ఎందుకు, ఒక దుకాణంలో నేను కొన్న నవలని మా చెల్లి అడిగితే ఇవ్వడానికి దారే లేకపోయింది. చివరికి నా ఖాతా పాస్‌వర్డే చెప్పాను. ఇప్పుడు నేను సగంలో ఉన్న పుస్తకాలు తన ఫోన్‌లో ముందుకి జరిగిపోతుంటాయి, తను పెట్టుకున్న బుక్‌మార్కులు నాకొస్తుంటాయి.

ఫైలుని కాపీ చేసుకోనీకుండా, వేరేచోట తెరవనీకుండా వేసే డీఆర్ఎం తాళం లేకుండా అమ్మేవాళ్లూ లేకపోలేదు. సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టార్ సంస్థ 2012 నుంచి అలాగే అమ్ముతోంది. కాపీహక్కు తీరిన పాత పుస్తకాలైతే 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో 70,000కి పైగా ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. అన్నిటినీ కాలిబర్ అనే ఈ-పుస్తకాల సాఫ్ట్‌వేర్‌లో సర్దుకుంటే వెతుక్కునే టెన్షన్ ఉండదు.

ఒక్కసారి చదివి వదిలేసే నవలలకి లైబ్రరీ యాప్ చాలు, ఎవరికైనా కళ్లు మూసుకుని చెబుతాను. మళ్లీ మళ్లీ తీసి చూసుకునేదైతే వివరాల్లో డీఆర్ఎం లేదని రాసి ఉందో లేదో చూస్తాను. రాసి ఉంటే అప్పుడే కొని, ఈపబ్ (ఈ-పుస్తకాల ఫార్మాట్) ఫైలు రెండు చోట్ల దాచుకుంటాను. లేదంటే కాగితం పుస్తకమే కొంటాను, చెల్లికి ఇవ్వడానికైనా పనికొస్తుంది.