బాయిలర్ మాటిమాటికీ లాకౌట్ అవుతుంటే: రీసెట్టా, సొంత పరీక్షా, మెకానిక్కా? ఏది మేలు?

ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయి ఎర్రదీపం వెలగగానే మన చెయ్యి రీసెట్ బటన్ మీదికే పోతుంది. నొక్కితే మళ్లీ అంటుకుంటుంది, పీడ విరగడైందనుకుంటాం. సాయంత్రానికి మళ్లీ అదే వరస.

లాకౌట్ అంటే యంత్రం పాడైందని కాదు. మంట అంటుకోలేదనో, అంటుకుని ఆరిపోయిందనో, నీళ్లు మరీ వేడెక్కాయనో గమనించిన కంట్రోల్ బోర్డు, గ్యాస్ వాల్వ్ మూసేసి మనిషి వచ్చి చూసేదాకా తెరవకుండా ఉండటం. కాబట్టి రీసెట్ ఒకసారి నొక్కడంలో తప్పు లేదు. అయితే నొక్కే ముందు తెర మీది కోడ్ రాసిపెట్టుకోండి, తర్వాత అది కనిపించకపోవచ్చు. అదేపనిగా నొక్కడం మాత్రం నేను ఒప్పుకోను. ఆయిల్‌తో నడిచే బాయిలర్‌లో అయితే మరీ ప్రమాదం. విఫలమైన ప్రతిసారీ కాలని నూనె లోపల చేరుతుంది, చివరికి అంటుకున్నప్పుడు ఒక్కసారిగా భగ్గుమంటుంది.

సొంతంగా చూసుకోవడంలో ఉపయోగం ఎక్కువ. లాకౌట్ ఏ దశలో వస్తోందో గమనిస్తే సగం సంగతి తేలిపోతుంది.

అసలు అంటుకోవడమే లేదా? వంటగదిలో గ్యాస్ స్టవ్ ఉంటే వెలిగించి చూడండి. అదీ వెలగకపోతే లోపం గ్యాస్ సరఫరాలో ఉన్నట్టే. బయట గడ్డకట్టే చలి ఉండి, బాయిలర్ గుడగుడమంటుంటే కండెన్సేట్ పైపులో (పొగలోని ఆవిరి చల్లారి నీరయ్యాక బయటికి పోయే గొట్టం) నీరు గడ్డకట్టి ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లు పోస్తే కరుగుతుంది. మరిగే నీళ్లు పోస్తే పైపు పగలొచ్చు.

అంటుకుని కొన్ని క్షణాల్లోనే ఆరిపోతోందా? మంట ఉందో లేదో చాలా బాయిలర్లు ఒక ఎలక్ట్రోడ్‌తో కనిపెడతాయి. మంట గుండా ప్రవహించే కరెంటు మైక్రోఆంపియర్లలో ఉంటుంది. ఎలక్ట్రోడ్‌కు మసి పట్టినా, ఎర్తింగ్ సరిగా లేకపోయినా, మంట ఉన్నా లేనట్టే లెక్క. ఇది కవర్ లోపలి వ్యవహారం, మనం చెయ్యి పెట్టకూడదు.

కాసేపు బాగా నడిచి, వేడెక్కాక ఆగిపోతోందా? నీరు తిరగడం లేదేమో. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్ల వాల్వులన్నీ మూసుకుపోయాయా, పంపు పట్టేసిందా, గాలి చేరిందా అన్నది చూడాలి.

ఇక లోపలి నీటి ప్రెజర్. చల్లగా ఉన్నప్పుడు ముల్లు మామూలుగా 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. తగ్గితే ఫిల్లింగ్ లూప్‌తో (కుళాయి నీటిని లోపలికి వదిలే చిన్న గొట్టం) నీళ్లు నింపి, ట్యాపులు గట్టిగా కట్టేయాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే. నింపడం సులువు కాబట్టి వారం వారం నింపుతూ పోతారు. మూసి ఉన్న వ్యవస్థలో నీరు ఊరికే తగ్గదు. ఎక్కడో కారుతుండాలి, లేదా ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో (వేడికి వ్యాకోచించే నీటికి చోటిచ్చే గాలి డబ్బా) గాలి పోయి ఉండాలి. రెండోదైతే వేడెక్కినప్పుడు ముల్లు 3 బార్ దగ్గరికి ఎగబాకుతుంది, సేఫ్టీ వాల్వ్ నీటిని బయటికి వదిలేస్తుంది, చల్లారాక ముల్లు కిందికి పడిపోతుంది. పైగా కొత్త నీటితో పాటు ఆక్సిజన్ వచ్చి రేడియేటర్లు లోపల తుప్పు పడతాయి.

కవర్ విప్పాల్సిన పని, గ్యాస్ వాల్వ్, పొగగొట్టం మాత్రం లైసెన్సున్న మెకానిక్‌కే వదలాలి. ఇంట్లో ఒకరికి మించి తలనొప్పి, కళ్లు తిరగడం ఉండి, బయటికి వెళ్తే తగ్గుతోందంటే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించాలి. దానికి రంగూ వాసనా ఉండవు. అప్పుడు ఏది మేలన్న ప్రశ్నే లేదు: వీలైతే బాయిలర్ ఆపేసి, అందరూ వెంటనే బయటికి వచ్చి, అత్యవసర సేవకు ఫోన్ చేయాలి.

అంత ప్రమాదం లేనప్పుడు నా ఓటు రెండో దారికే, అంటే సొంత పరీక్షకే, అదీ కవర్ దాకా మాత్రమే. ఆ తర్వాత మెకానిక్‌ని పిలిచి, కోడ్, అంటుకున్న ఎంతసేపటికి ఆగిందో, అప్పుడు ముల్లు ఎక్కడుందో చెప్పండి. ఈ మూడూ తెలిస్తే, ఊహ మీద ఖరీదైన బోర్డు మార్చే అవసరం చాలాసార్లు రాదు.