నల్లావు తుంటి మీద తెల్ల గుర్తు: ఫ్రీజ్ బ్రాండింగ్ ఏళ్లుగా వాడాక

మా మందలో నల్లావులే ఎక్కువ. వాటి తుంటి మీద చలి ముద్రతో, అంటే బాగా చల్లబరిచిన అచ్చును అదిమే ఫ్రీజ్ బ్రాండింగ్‌తో వేయించిన గుర్తులు ఇప్పుడు రెండో తరానికి వచ్చాయి. తల్లికీ ఉంది, దాని కడుపున పుట్టి పెద్దదైన ఆవుకీ ఉంది. అంతకాలం చూశాను కాబట్టి ధైర్యంగా ఒక మాట చెప్పగలను. పశువు నాదని చూపించడానికి నేను వాడినవాటిలో ఇంత మనశ్శాంతి ఇచ్చింది ఇంకోటి లేదు. పొద్దు వాలి మసక పడ్డాక, మంద అంతా కదులుతూ ఉండగా, ఒక్క ఆవును కూడా ఆపకుండా దూరం నుంచే ఏది ఏదో చదివేస్తాను. నల్ల ఒంటి మీద తెల్ల గుర్తు అంత స్పష్టంగా కనిపిస్తుంది.

చెవి ట్యాగుతో పడ్డ పాట్లు తెలిసినవాళ్లకి ఈ సంతోషం వేరే చెప్పక్కర్లేదు. ట్యాగు చదవాలంటే ఆవు దగ్గరికి వెళ్లాలి, తల పట్టుకోవాలి, మురికి తుడవాలి. కంపకో కంచెకో తగులుకుంటే చెవిని చీల్చుకుని ఊడిపోతుంది. ఇక దొంగతనం సంగతికొస్తే, కత్తెరతో ఒక్క నొక్కు నొక్కితే ట్యాగు పోతుంది, దాంతో పాటు ఆవు ఎవరిదన్న ఆనవాలూ పోతుంది. తుంటి మీది గుర్తును అలా కోసుకుపోవడం కుదరదు. అది కనబడుతుండగా ఆవును తోలుకుపోవాలంటే ఎవరికైనా కాస్త వెనకడుగే పడుతుంది.

ఈ పద్ధతిని 1966లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కీత్ ఫారెల్ అనే పశువైద్యుడు తయారుచేశాడు. ఇందులో కాల్చడం ఉండదు. రాగి లేదా ఇత్తడి అచ్చును బాగా చల్లబరిచి చర్మానికి అదిమితే వెంట్రుకకు రంగునిచ్చే కణాలు చచ్చిపోతాయి. వెంట్రుక కుదురు మాత్రం బతికే ఉంటుంది. అందుకే ఆ తర్వాత అక్కడ మొలిచే వెంట్రుక తెల్లగా వస్తుంది. ద్రవ నత్రజని వాడితే అచ్చు మైనస్ 196 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్), ఆల్కహాల్ కలిపి వాడితే మైనస్ 78 దగ్గరే ఆగుతుంది కాబట్టి అదిమి ఉంచే సమయం బాగా పెరుగుతుంది. ఎద సూదులు (కృత్రిమ గర్భధారణ) వేసేవాళ్ల దగ్గర వీర్యాన్ని చల్లగా ఉంచడానికి ఎలాగూ నత్రజని క్యాను ఉంటుంది కనుక నేను మొదటినుంచీ దానివైపే ఉన్నాను.

చేయించేటప్పుడు అందరూ తొందరపడే చోటు ఒకటుంది. అచ్చును నత్రజనిలో ముంచగానే కుతకుతమని బుడగలు వస్తాయి. ఆ ఉడుకు తగ్గి నెమ్మదించేదాకా అచ్చు బయటికి తీయకూడదు. ఒక ఆవుకి వేశాక మళ్లీ ముంచి, మళ్లీ అది నెమ్మదించేదాకా ఆగాలి. పెద్ద మందైతే రెండు మూడు అచ్చుల జతలు ఉంటేనే పని సాగుతుంది. ఈలోపు ఆవును కదలకుండా పట్టే చట్రమైన ట్రెవిస్‌లో గట్టిగా కట్టి, గుర్తు వేసే చోట వెంట్రుకలు క్లిప్పర్‌తో చర్మం అంటేలా తీసి, దుమ్ము దులిపి, ఆల్కహాల్‌తో తడపాలి. ఆల్కహాల్ వీలైనంత చిక్కనిది ఉండాలి. నీళ్లు కలిసినదైతే చర్మం మీద మంచు పొరలా గడ్డకట్టి చలిని లోపలికి పోనివ్వదు. నల్లటి పెద్ద ఆవుకి అర నిమిషం అటూ ఇటూ, కదలకుండా, ఒకే బలంతో అదిమిపెట్టాలి. దూడకి అంతకంటే తక్కువ సరిపోతుంది. ఆవు మెదిలి అచ్చు జరిగిందంటే అంకెకు జంట నీడ పడుతుంది, అది జీవితాంతం అలాగే ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నత్రజని క్యానును తలుపులు మూసిన బండిలో మనుషులతో పాటు పెట్టుకుని వెళ్లకూడదు. అది ఆవిరై గాలిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తే ఊపిరికే ప్రమాదం.

వేసిన వెంటనే చర్మం గట్టిగా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. కాసేపటికి కరిగి, గుర్తు ఆకారంలోనే ఉబ్బుతుంది. ఆ వాపు తగ్గి, పొక్కు కట్టి, పైచర్మం రాలిపోయి, రెండు మూడు నెలల్లో తెల్ల వెంట్రుక మొలుస్తుంది. ఆ మధ్య కాలంలో చూసేవాళ్లకి ఏదో చర్మరోగంలా కనిపిస్తుంది. కొత్తగా వేయించినవాళ్లు ఇక్కడే టెన్షన్ పడతారు. పడక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఒకసారి చలికాలం చివర్లో మా నల్లావు ఒకటి మేతకు వెళ్లి తిరిగి రాలేదు. చాన్నాళ్లు వెతికాక ఇంకొకరి మందలో కనిపించింది. చెవి ట్యాగు లేదు, ట్యాగు ఉండాల్సిన చోట పాత చీలిక మాత్రం ఉంది. నేను ధీమాగా తుంటి వైపు తిరిగాను. చలికాలపు బొచ్చు దట్టంగా పెరిగి, తెల్ల వెంట్రుకలు నల్లవాటితో కలిసిపోయి, గుర్తు బూడిదరంగు మరకలా ఉంది. ఎంత దూరం నుంచైనా చదవగలనని నేను అందరికీ చెప్పుకున్న గుర్తు, అడుగు దూరంలో నిలబడినా చదవలేనట్టు ఉంది. అవతలివాళ్లు అది పుట్టుకతో వచ్చిన బొల్లి మచ్చ అన్నారు. చూసినవాళ్లలో కొందరికి అదీ నిజమేనేమో అనిపించింది.

తగువు అధికారి ముందుకు వెళ్లింది. అక్కడ క్లిప్పర్ తెప్పించి, ఆ చోట బొచ్చు పొట్టిగా కత్తిరించమని అడిగాను. కత్తిరిస్తుంటే ఒక్కో గీతా బయటపడింది. పైన మా మంద గుర్తు, కింద ఆవు నంబరు, అంచులతో సహా నిన్ననే వేసినట్టు ఉన్నాయి. పుట్టుమచ్చకు అంత నిటారు గీతలు ఉండవు. బొచ్చు ఎంత పెరిగినా, కుదురు దగ్గర తెల్లదనం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అది మారదు. ఆ క్షణాన నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

కానీ తగువు అక్కడితో తెగలేదు. అవతలివాళ్లు వెంటనే మాట మార్చారు. సరే, ముద్ర మీదే, కానీ ఈ ఆవును మేం కొన్నాం అన్నారు. అది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. ముద్ర ఒకసారి పడితే ఆవు చచ్చేదాకా ఉంటుంది. ఆవు నాలుగు చేతులు మారినా మొదటి యజమాని గుర్తే కనిపిస్తుంది. అంటే ఈ ఆవుకు ఒకప్పుడు ఎవరు ముద్ర వేశారో అది చెబుతుంది గానీ, ఈ రోజు ఆవు ఎవరిదో చెప్పదు. అధికారి ఇద్దరినీ కాగితాలు అడిగారు. వాళ్ల దగ్గర అమ్మకం రసీదు లేదు. మా రిజిస్టరులో ఆ ఆవు పుట్టిన రోజు, తల్లి నంబరు, ముద్ర వేసిన తేదీ, తెల్ల వెంట్రుక వచ్చాక తీసిన ఫొటో ఉన్నాయి. అమ్మినవాటి పేజీలో అది లేదు. ఆవు ఇంటికి వచ్చింది.

ముద్ర దానంతట అదే రుజువు అని నేను మునుపు చాలామందితో అన్నాను. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనను. పక్కన రాతకోతలు ఉంటేనే అది రుజువు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఈ ఏర్పాటు పకడ్బందీగా ఉంటుంది. అక్కడ ముద్రను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకుంటారు, అదీ శరీరంలో ఏ వైపు, ఏ చోట వేస్తారో కూడా కలిపి. ఒకే ఆకారం ఎడమ తుంటి మీద ఒకరిది, కుడి పక్కటెముకల మీద ఇంకొకరిది కావచ్చు. పశువు చేతులు మారేటప్పుడు ఇన్‌స్పెక్టరు ముద్రనూ అమ్మకం పత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తాడు. అలాంటి నమోదు లేని చోట ఆ పని మనమే చేసుకోవాలి. ఆ తగువు తర్వాత నేను ఏ ఆవును అమ్మినా రసీదులో ముద్ర బొమ్మ గీసి, ఏ వైపు ఉందో రాసి ఇస్తున్నాను. కొనేటప్పుడూ అదే అడుగుతున్నాను. ఇవ్వనంటే ఆ ఆవు ఎంత బాగున్నా కొనను.

నంబరు గురించి కూడా ఒక మాట. చాలామంది తుంటి మీద వట్టి నంబరే వేయించి ఊరుకుంటారు. పాల లెక్కలకూ చూడి లెక్కలకూ అది చాలు. తగువులో చాలదు, 27 అనే అంకె ఎవరి మందలోనైనా ఉండొచ్చు. నంబరు ఏ ఆవో చెబుతుంది, ఎవరి ఆవో చెప్పాలంటే దాని పైన మందకంటూ ఒక గుర్తు ఉండాలి. ఆ గుర్తు సాదాగా, గీతల మధ్య ఖాళీ ఎక్కువగా ఉండేలా చూసుకోండి. 8 లాంటి మూసుకుపోయిన ఆకారాల్లో మధ్య భాగం కూడా గడ్డకట్టి మొత్తం ఒకే తెల్ల ముద్ద అయిపోతుంది. మరీ సాదాగా ఉన్నా కష్టమే, ఒంటి గీతకు ఇంకో గీత చేర్చి ఎవరైనా మార్చేయగలరు. ఫారెల్ దీనికోసమే అంకెల బదులు, రకరకాలుగా తిప్పిన లంబకోణాలతో ఒక పద్ధతి పెట్టాడు. అమెరికాలో ప్రభుత్వ అధీనంలోని అడవి గుర్రాల మెడ మీద ఇప్పటికీ ఆ గుర్తులే వేస్తారు. మార్చడం చాలా కష్టం. కాకపోతే చూడగానే చదవడం రాదు, నేర్చుకోవాలి. నాకు దూరం నుంచి చదవడమే ముఖ్యం కాబట్టి అంకెలతోనే ఉన్నాను.

మా మందలో కొద్దిగా ఉన్న తెల్లావుల సంగతి వేరే. తెల్ల వెంట్రుకలో తెల్ల గుర్తు కనబడదు కదా. అందుకని అచ్చును ఇంకా ఎక్కువసేపు ఉంచి వెంట్రుక కుదురునే చంపేస్తారు, అప్పుడు బోడి చర్మం మీద గుర్తు మిగులుతుంది. వేయించి చూశాను, నాకు నచ్చలేదు. బొచ్చు పెరిగితే పూర్తిగా కప్పుకుపోతుంది, ఆవుకు బాధ ఎక్కువ, పుండు మానడం ఆలస్యం. లేత ఎరుపు ఆవుల్లో గుర్తు వస్తుంది గానీ ఎండవేళ తేలిపోయినట్టుంటుంది. నేను పైన పొగిడిందంతా నల్లటి, ముదురు రంగు ఆవుల గురించే అని అర్థం చేసుకోండి.

మరి కాల్చిన వాత మాటేమిటి అని అడుగుతారు. అది ఏ రంగు ఆవు మీదైనా పడుతుంది, వెంటనే కనిపిస్తుంది, కొన్ని సెకన్లలో అయిపోతుంది, నత్రజని కోసం ఎవరినీ అడగక్కర్లేదు. బాగా తెలిసినవాళ్లు ఇనుమును ఎర్రగా కాకుండా బూడిదరంగు వచ్చేదాకానే వేడిచేసి, పొడి ఒంటి మీదే వేస్తారు. తడి ఒంటి మీద వేస్తే ఆవిరి పుట్టి చుట్టుపక్కల చర్మం కూడా ఉడికి గుర్తు చెదిరిపోతుంది. కొన్ని చోట్ల యాజమాన్యానికి చట్టం ఒప్పుకునేది ఈ వాతనే, ఇంకొన్ని చోట్ల జంతుహింస కింద దీన్ని వద్దంటారు. ఏది చేసేముందైనా మీ దగ్గరి నిబంధన కనుక్కోవడం మంచిది. నేనైతే వాత వేయను. ఒకప్పుడు దగ్గరుండి చూశాను, ఆ పశువు అరుపు, కాలిన వాసన మనసును వదల్లేదు. రెండింటినీ పోల్చిన పరిశోధనల్లోనూ వాతకే పశువులు ఎక్కువ గింజుకున్నట్టు తేలింది. అలాగని చలి ముద్రకు నొప్పి ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి కొన్ని సెకన్లు ఆవు గట్టిగానే గుంజుకుంటుంది, ఆ తర్వాత తిమ్మిరెక్కి నిలబడుతుంది. తర్వాత వాపు ఉన్నన్నాళ్లు ఆ చోట చెయ్యి వేయనివ్వదు. దూడప్పుడే వేయిస్తే పట్టుకోవడం సులువు, గుర్తు ఒంటితో పాటే పెరుగుతుంది.

తోలు సంగతి కూడా చూసుకోవాలి. పక్కటెముకల మీద వేసిన వాత తోలులో మంచి భాగాన్నే పాడుచేస్తుంది. నేను ఏది వేయించినా తుంటి మీదే వేయిస్తాను.

ముద్రతో పాటు ఇప్పుడు ముట్టె ఫొటో కూడా తీసి పెట్టుకుంటున్నాను. ఆవు ముట్టె మీది గీతలు మన వేలిముద్రల్లా ఏ రెంటికీ ఒకేలా ఉండవు, ఈ సంగతి 1920ల నుంచే తెలుసు. ముట్టె తుడిచి వెలుతురులో దగ్గరగా తీస్తే ఫోను కెమెరా చాలు. నొప్పి లేదు, ఖర్చు లేదు. దూరం నుంచి చూసి చెప్పలేం, అదొక్కటే లోటు.

మీరు వేయించాలా వద్దా అంటే, నా పరిస్థితి చూసి చెప్పగలను గానీ మీది నాకు తెలియదు. మా ఆవులు బయట తిరిగి మేస్తాయి, వేరే మందలతో కలుస్తాయి, రంగు నలుపు, ముద్ర వేయడం వచ్చిన మనిషి దొరుకుతాడు. అందుకే నాకిది కుదిరింది. పాకలో కట్టేసి మేపే నాలుగైదు ఆవులే ఉంటే ట్యాగు, ముట్టె ఫొటో, పుట్టుక రాసిన పుస్తకం సరిపోతాయేమో. మొదటిసారి వేయించేవాళ్లు మాత్రం అలవాటున్నవాళ్లను పక్కన పెట్టుకోకుండా దిగకండి. ఈ ఏడు పుట్టిన దూడల్లో నల్లవాటికి చలి ముద్ర వేయిస్తున్నాను. రెండు తెల్లవి ఉన్నాయి, వాటికి ట్యాగూ ఫొటోనే.