క్విక్‌ఫ్యాక్ట్స్ రివ్యూ: ఫ్రిస్కో జనాభా లెక్క చిటికెలో వస్తుంది, తెలుగువాళ్ళ లెక్కకి మాత్రం తిరగాలి

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో కింద చెప్తా.

ఒడిశాలో మా బరంపురంలో నాది జెరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళడానికి వీసా ఫారం నింపించుకునే అమ్మానాన్నలు పని అయిపోయినా కుర్చీలోంచి లేవరు. "బాబూ, మా అమ్మాయి వాళ్ళు ఫ్రిస్కోలో ఇల్లు తీసుకుంటారట, అక్కడ మనవాళ్ళు ఉంటారా, అంతా తెల్లవాళ్ళేనా, కాస్త చూసి పెట్టు" అంటారు. ఈ ప్రశ్నకి యూట్యూబ్‌లో జవాబు వెతికితే ఒకడు ఊరంతా తెలుగువాళ్ళే అంటాడు, ఇంకొకడు ఇల్లు అమ్ముకోడానికి ఇంకేదో అంటాడు. అందుకని నేను అమెరికా సెన్సస్ బ్యూరో వాళ్ళ క్విక్‌ఫ్యాక్ట్స్ పేజీ తెరిచి చూపిస్తా. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ లేదు, ఓటీపీ లేదు. ఐదు వేలు, ఆపైన జనం ఉన్న ఏ ఊరి పేరు కొట్టినా వయసులు, జాతులు, ఇళ్ళ ధరలు, చదువులు, విదేశాల్లో పుట్టినవాళ్ళ శాతం, ఇంట్లో ఇంగ్లీషు కాని భాష మాట్లాడేవాళ్ళ శాతం, అన్నీ ఒకే పట్టికలో వచ్చేస్తాయి. ఆరు ఊళ్ళ దాకా పక్కపక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు, ఇది నాకు బాగా నచ్చింది. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ మూడూ పెట్టి ప్రింట్ ఇచ్చేస్తే పెద్దవాళ్ళు మడిచి జేబులో పెట్టుకుని తీసుకుపోతారు.

ఫ్రిస్కో సంగతే తీసుకోండి. టెక్సస్ రాష్ట్రంలో డల్లాస్‌కి ఉత్తరాన కాలిన్, డెంటన్ అనే రెండు కౌంటీల్లో పరుచుకున్న శివారు నగరం. 2000లో అక్కడ 33,714 మంది, 2010లో 1,16,989, 2020లో 2,00,509. అంటే ఇరవై ఏళ్ళలో దాదాపు ఆరింతలు. జాతుల లెక్క ఇంకా వేగంగా మారింది. 2010లో పది మందిలో ఒకరు ఆసియావాళ్ళు, 2020కి వచ్చేసరికి ప్రతి నలుగురిలో ఒకరు. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఫొటోలు వాట్సాప్‌లో చూసి అక్కడ మనవాళ్ళు ఉన్నారని అందరికీ తెలుసు గానీ, అంకెల్లో చూస్తే ఆ నమ్మకం వేరు. అంతా తెల్లవాళ్ళేనా అని అడిగిన పెద్దాయన ఈ వరుస చూశాక ఇంక ఆ మాట ఎత్తలేదు, ఇళ్ళ ధరల వరుస దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయారు.

చదివేటప్పుడు ఒకచోట అందరూ తికమక పడతారు. జాతుల శాతాలన్నీ కూడితే వంద దాటిపోతుంది. తప్పేం కాదు. అక్కడ హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చినవాళ్ళు) అనేది జాతి కాదు, మూలం. దాన్ని వేరే ప్రశ్నగా అడుగుతారు. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబం మూలం ప్రశ్నలో హిస్పానిక్ అని ఒక టిక్కు, జాతి ప్రశ్నలో తెల్లవాళ్ళు అని ఇంకో టిక్కు పెట్టొచ్చు, అప్పుడు రెండు వరుసల్లోనూ వాళ్ళు కనిపిస్తారు. అందుకే 'తెల్లవాళ్ళు' అని ఒక వరుస, 'హిస్పానిక్ కాని తెల్లవాళ్ళు' అని ఇంకో వరుస ఉంటాయి. మనవాళ్ళు సాధారణంగా అడిగేది ఈ రెండో వరుస గురించే. ఇరాన్, లెబనాన్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఇన్నాళ్ళూ తెల్లవాళ్ళ ఖాతాలోనే ఉన్నారు. 2024 మార్చిలో ఈ నియమం మార్చి జాతి, మూలం రెండూ ఒకే ప్రశ్నలో పెట్టాలని, మధ్యప్రాచ్యం వాళ్ళకి వేరే గడి ఇవ్వాలని నిర్ణయించారు గానీ ఇప్పుడు మనం చూసే పట్టికలు పాత పద్ధతివే. ఈ గడులు ఎప్పుడూ ఇలా మారుతూనే వచ్చాయి లెండి. 1920 నుంచి 1940 దాకా మూడు సెన్సస్‌ల్లో మన దేశం వాళ్ళని 'హిందూ' అనే జాతి కింద రాసుకున్నారు, సిక్కులైనా ముస్లింలైనా సరే. మనకంటూ 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది 1980లో.

ఇప్పుడు నక్షత్రం ఎందుకు కోశానో చెప్తా. క్విక్‌ఫ్యాక్ట్స్ 'ఆసియావాళ్ళు' దగ్గర ఆగిపోతుంది. అందులో చైనా, కొరియా, వియత్నాం, పాకిస్తాన్, మనం, అందరం ఒకే సంచిలో. మనవాళ్ళు ఎంతమంది అంటే నోరు విప్పదు. దానికి వాళ్ళదే ఇంకో సైటు ఉంది, డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్. అక్కడ బి02015 అనే పట్టిక తెరిస్తే భారతీయుల లెక్క విడిగా వస్తుంది. (2020 సెన్సస్‌లో ఒకే మూలం రాసుకున్నవాళ్ళని మాత్రమే లెక్కేస్తే అమెరికాలో ఆసియా మూలాల్లో అన్నిటికంటే పెద్ద గుంపు మనదే, దాదాపు 44 లక్షలు, చైనావాళ్ళని దాటాం.) కానీ ఈ పట్టికల నంబర్లు తెలియనివాడు ఆ సైటులోకి వెళ్తే తలనొప్పి ఖాయం.

ఇక భాష. ఊరి స్థాయిలో దొరికే భాషల పట్టిక సి16001. అందులో తెలుగుకి సొంత వరుస లేదు. ఆమధ్య వియ్యంకులిద్దరూ కలిసే వచ్చారు, అమ్మాయి వాళ్ళు తెలుగు, అబ్బాయి వాళ్ళు ఒడియా, మా ఊళ్ళో ఇలాంటి సంబంధాలు మామూలే. వాళ్ళకి ఇది వివరిస్తుంటే నాకే నవ్వొచ్చింది. ఒడియా ఇండో యూరోపియన్ భాష కాబట్టి అబ్బాయి ఇటాలియన్, గ్రీకు వాళ్ళ సరసన 'ఇతర ఇండో యూరోపియన్'లోకి వెళ్తాడు. ద్రావిడ భాషలకి వేరే గుంపు లేదు, అందుకని అమ్మాయి జపనీస్, థాయ్ వాళ్ళతో కలిసి 'ఇతర ఆసియా, పసిఫిక్ దీవుల భాషలు'లో కూర్చుంటుంది. ఒకే ఇల్లు, ఒకే వంటగది, లెక్కలో మాత్రం రెండు ఖండాలు. "చూశారా బావగారూ, మావాడు యూరప్ వెళ్ళిపోయాడు, మీ అమ్మాయి దీవుల్లో ఉండిపోయింది" అన్నారు అబ్బాయి వాళ్ళ నాన్నగారు. తెలుగుకి సొంత వరుస కావాలంటే బి16001 చూడాలి, 2016 నుంచి అందులో ఇచ్చారు, కానీ అది పెద్ద ప్రాంతాలకే. టెక్సస్ రాష్ట్రం మొత్తంలో తెలుగువాళ్ళు ఎంతమందో చూడొచ్చు, ఫ్రిస్కో ఒక్కదానికే అడిగితే లేదు. చిన్నచోట మరీ విడదీస్తే ఎవరిల్లో తెలిసిపోతుందని వాళ్ళ భయం, అది న్యాయమే. మనిషి వివరాలున్న అసలు కాగితాలు 72 ఏళ్ళ దాకా బయటపెట్టరు, 1950 నాటివి 2022లో వదిలారు.

ఇంకొక మాట, భాష లెక్కలు పదేళ్ళకోసారి చేసే సెన్సస్‌వి కావు. ఏడాదికి సుమారు 35 లక్షల చిరునామాలకి పంపే నమూనా సర్వేవి. అందుకే ప్రతి అంకె పక్కన ఇంత అటూ ఇటూ అని ఇంకో అంకె ఉంటుంది. అది చూడకుండా అసలు అంకెనే పట్టుకుని వాదించొద్దు. పైగా ప్రశ్న ఏంటంటే ఇంట్లో ఇంగ్లీషు కాక ఏ భాష మాట్లాడతారు అని. ఇంగ్లీషే మాట్లాడే ఇల్లయితే అమ్మమ్మ ఎంత తెలుగావిడైనా మనవడు లెక్కలోకి రాడు. ఐదేళ్ళ లోపు పిల్లల్ని అసలు అడగరు.

మన సెన్సస్‌తో పోల్చకుండా ఉండలేను. ఇక్కడ జాతి అడగరు. మతం, ఎస్సీ, ఎస్టీ, మాతృభాష అడుగుతారు, ఆ పైన వచ్చిన ఇంకో రెండు భాషలు రాసుకుంటారు. మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. ఈ పద్ధతి మా గంజాం, గజపతి, రాయగడ లాంటి చోట్లకి చాలా నయం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో హిందీ మాట్లాడే మనిషికి మూడూ చెప్పుకునే చోటుంది. సి-16 పట్టికలో జిల్లావారీగా తెలుగుకి సొంత వరుస కూడా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న జిల్లాకి ఆ వరుస లేకపోతే ఎలా మరి. కానీ ఆ అంకెలు 2011వి, అవి కూడా బయటికొచ్చింది 2018లో. తర్వాతి లెక్కకి 2027 మార్చి 1 తేదీ పెట్టారు. తాజాదనంలో అమెరికా వాళ్ళకే మార్కులు.

అయితే ఏ పట్టికా చెప్పనిది ఒకటుంది. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి అమ్మవారు దేశీబెహరా ఇంటికి, అంటే పుట్టింటికి వస్తుంది. ఆ ఇల్లు తెలుగు నేతగాళ్ళ పెద్దది, వచ్చి మొక్కేది మాత్రం ఊరంతా. ఫ్రిస్కోలో నాలుగోవంతు ఆసియావాళ్ళు అని చదివితే వాళ్ళు పక్కింటివాళ్ళతో ఎలా ఉంటారో తెలియదు. అది వెళ్ళినవాళ్ళు ఫోన్ చేసి చెప్పాలి.

కొనేముందు స్కూలు కోసం చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఫ్రిస్కో స్కూలు డిస్ట్రిక్ట్ హద్దులు, ఊరి హద్దులు ఒకటి కావు. పక్క ఊళ్ళ ముక్కలు కూడా అందులో ఉన్నాయి. కాబట్టి క్విక్‌ఫ్యాక్ట్స్‌లో ఊరి శాతాలు చూసి క్లాసురూము కూడా అలాగే ఉంటుందని అనుకోవద్దు, స్కూలు లెక్క విడిగా అడగండి. ఊళ్ళు పోల్చేటప్పుడు ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ మీద చూడండి, ఆరు ఊళ్ళ పట్టిక చిన్న స్క్రీన్‌లో పట్టదు.