కుట్టుమిషను మీద మోహనం: పెడల్ స్టీల్ గిటార్‌తో ఆరున్నరేళ్ళు

తెనాలి నుంచి వీడియో కాల్‌లో నా పెడల్ స్టీల్ గిటార్‌ని మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ అడిగింది: "కుట్టుమిషను ఎందుకు కొన్నావురా?"

ఆవిడ తప్పేం లేదు. నాలుగు కాళ్ళ మీద సన్నటి బల్ల, కింద పెడళ్లు, వెనక స్టూలు మీద కూర్చుని రెండు కాళ్ళూ ఆడిస్తున్న కొడుకు. పక్కన బట్ట ఒక్కటే తక్కువ.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. 2018 చివర్లో దీన్ని సెకండ్ హ్యాండ్‌లో, కేసుతో సహా రెండు వేల డాలర్లకి కొన్నాను. సింగిల్ నెక్ (తీగల వరస ఒక్కటే), పది తీగలు, మూడు పెడళ్లు, నాలుగు మోకాలి లీవర్లు, ఈ-9 (E9) శ్రుతి, అంటే తీగల్ని E స్వరం ఆధారంగా కలిపే పద్ధతి. అమ్మినాయన ముప్ఫై ఏళ్ళు డాన్స్ హాళ్ళలో కంట్రీ పాటలకి, అంటే అమెరికా పల్లె బాణీలకి, వాయించిన పెద్దమనిషి. వేళ్ళు సహకరించడం లేదని అమ్మేశాడు. "ఏం వాయిస్తావు?" అన్నాడు. "మా ఇండియా పాటలు" అన్నాను. కారు డిక్కీలో పెట్టించాక ఒక్క మాట చెప్పాడు: "అయితే ముందు నీ ఎడమ కాలు కట్టేసుకో." జోకనుకుని నవ్వాను. ఆ మాట అర్థం కావడానికి ఏడాది పట్టింది.

దీన్ని ఎప్పుడూ చూడనివాళ్ళకి కాస్త చెప్పాలి. మెట్లు నొక్కడం ఉండదు. ఎడమ చేత్తో బరువైన ఉక్కు కడ్డీ, అంటే బార్, తీగల మీద జరుపుతాం. కుడి చేతి బొటనవేలికీ రెండు వేళ్ళకీ పిక్కులు తొడుక్కుని మీటుతాం. కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద, ఎడమ పాదం మూడు పెడళ్ల మీద, మోకాళ్ళు రెండూ లీవర్ల మధ్య. పెడల్ నొక్కితే అడుగున ఉన్న కడ్డీలు లాగి కొన్ని తీగల శ్రుతిని మార్చేస్తాయి. మిగతావి కదలవు.

మన లెక్కలో చెబితే ఇంకా తేలిక. ఇంగ్లిష్ వాళ్ళ E స్వరాన్ని షడ్జం అనుకోండి. ఏ (A) పెడల్ పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి లేపుతుంది. బి పెడల్ అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమం చేస్తుంది. సి పెడల్ ఒక షడ్జాన్ని చతుశ్రుతి రిషభానికీ, దాని పక్కనున్న పంచమాన్ని ధైవతానికీ తీసుకెళ్తుంది. నా దాంట్లో ఎడమ మోకాలు అటు తోస్తే షడ్జాలు అరమెట్టు (పక్క స్వరస్థానం దాకా) పైకి, ఇటు తోస్తే అరమెట్టు కిందికి, అంటే కాకలి నిషాదానికి పోతాయి. ఇంగ్లిష్ పుస్తకాల్లో పటాలు చూసి మూడు నెలలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఒక ఆదివారం కాగితం మీద సరిగమలు రాసుకున్నాక గంటలో తలకెక్కింది.

ఇప్పుడు ఎడమ కాలు సంగతి. ఏ, బి పెడళ్లు కలిపి నొక్కి వదులుతుంటే షడ్జం ఉన్నచోటే మోగుతూ ఉంటుంది. గాంధారం మధ్యమంలోకి, పంచమం ధైవతంలోకి కరిగిపోతాయి. ఆ కరగడమే కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్ చప్పుడు. 1954లో హిట్టయిన కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాటలో, స్టీల్ వాయించే బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి ఆ చప్పుడు వినిపించాడు. ఇంకేముంది, అందరూ అదే పట్టుకున్నారు. పుస్తకాలూ వీడియో పాఠాలూ మొదట నేర్పేది అదే. నా పాదానికీ అదే అలవాటైంది. దాంతో ఏం వాయించినా ఒకటే గోల. ఘంటసాల పాట మొదలుపెడితే రెండో లైనుకి గుర్రం ఎక్కేది. త్యాగరాజ కృతి ఎత్తుకుంటే అనుపల్లవికి కౌబాయ్ టోపీ వచ్చేది. మా ఆవిడ వంటింట్లోంచి "ఏవండీ, మీ పెట్రోలు బంకు పాట మళ్ళీ వచ్చింది" అనేది. ఊరవతల పెట్రోలు బంకుల్లో వినబడేది ఆ సంగీతమే కదా.

పెద్దాయన చెప్పింది దాదాపు అక్షరాలా చేశాను. కాలు కట్టేసుకోలేదు కానీ, మూడు నెలలు ఎడమ కాలిని స్టూలు కింద వెనక్కి పెట్టుకున్నాను. బార్ ఒక్కటే. ఒక్క తీగే. తంబూరా యాప్ ఆన్ చేసుకుని సా, పా నిలబెట్టడం, జారు (స్వరం నుంచి స్వరానికి జారడం), కంపితం (స్వరాన్ని ఊపడం). నాకు ఎక్కువగా పనికొచ్చిన సాధన అదే. కంట్రీ కాకుండా ఇంకేదైనా వాయించాలని దీన్ని కొనేవాళ్ళకి నేను చెప్పేదీ అదే: మొదట పెడళ్లు మానేయండి, తరవాత వాటికి వేరే పని అప్పజెప్పండి.

ఆ వేరే పని ఏమిటో నాకు మోహనంలో దొరికింది. బార్ ఒకే చోట ఉంచి ఎనిమిదో తీగ, ఏడు, ఆరు, ఐదు, ఐదు మీదే A పెడల్ నొక్కి, ఆ తరవాత నాలుగో తీగ మీటండి. స, రి, గ, ప, ధ, స. మోహనం ఆరోహణ మొత్తం చేతి కింద ఉంటుంది, చెయ్యి కదలకుండా. మొదటిసారి ఇది తగిలినప్పుడు రాత్రి పదకొండు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. టెక్సస్ పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా మోహనం స్వరాలే వాయించాడన్న మాట.

మర్నాడు రికార్డింగ్ విన్నాను. హార్మోనియంలా ఉంది. స్వరాలన్నీ ఉన్నాయి, రాగం లేదు. పెడల్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తీసుకెళ్తుంది, అక్కడ స్టాపర్‌కి తగిలి ఆగుతుంది. దారిలో నిలబడదు, ఊగదు. పెడల్‌ని సగం నొక్కి ఆపడం కొందరికి వస్తుంది కానీ, నా పాదానికి ఆరేళ్ళయినా అంత నాజూకు రాలేదు. గమకం కావాలంటే బారే శరణ్యం. తోడి గాంధారం ఎత్తుకుంటే ఆ ఊపుకి ఉక్కు కడ్డీ బరువు చేతిని ముందుకి లాక్కుపోతుంది. ఆపాలనుకున్న చోట ఆగదు. రెండేళ్ళ తరవాత పరవాలేదనిపించింది. బాగుంది అని ఇప్పటికీ అనను.

అందుకే నిజం చెప్పాలి. మీకు కావాల్సింది రాగం మాత్రమే అయితే ఇది కొనకండి. పెడళ్లు లేని లాప్ స్టీల్ ఇందులో పదో వంతు ధరకి వస్తుంది, ఒళ్ళో పెట్టుకోవచ్చు. మన గోటువాద్యం ఇరవై ఒక్క తీగలతో, మెట్లు లేకుండా ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది. బ్రిజ్ భూషణ్ కాబ్రా హిందుస్తానీ రాగాలని గిటార్ మీద బార్‌తో వాయించి చూపించారు, ఒక్క పెడల్ కూడా లేకుండా.

మరి పెడళ్లు ఎందుకు? పై తీగ మీద పాట నిలబడి ఉండగా కింద తీగలు మెల్లగా వేరే కార్డ్‌లోకి, అంటే కలిసి మోగే ఇంకో స్వరాల గుంపులోకి, మారడానికి. నాకు తెలిసి ఇంకే వాద్యమూ ఇలా చెయ్యదు. డేనియల్ లాన్వా 1983లో బ్రయన్ ఈనో చంద్రయాత్రల మీద చేసిన అపోలో ఆల్బమ్‌లో ఈ వాద్యాన్ని చంద్రుడి మీదకి తీసుకెళ్ళాడు. అది విన్నాకే నాకు వాల్యూమ్ పెడల్ అసలు విలువ తెలిసింది. తీగ మీటే క్షణంలో వాల్యూమ్ మూసి ఉంచి, ఆ తరవాత తెరవాలి. మీటిన దెబ్బ వినబడదు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా స్వరం పుడుతుంది, తీగ నీరసపడే కొద్దీ పాదం కిందికి నొక్కుతూ పోతే తగ్గకుండా ఉంటుంది. దానికి పొడుగాటి డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఒకటి తోడిస్తే గది గోడలు వెనక్కి జరిగినట్టుంటుంది. నా ఆరున్నరేళ్ళలో దీంతో ఎక్కువ సుఖపడింది ఇక్కడే. ఇప్పుడు మా ఆవిడ కూడా "ఆ పొద్దున్నే వాయించేది వాయించండి" అంటుంది. పెట్రోలు బంకు దాటామన్న మాట.

బార్‌తో పాడించడం మటుకు నేర్చుకున్నది చర్చి వాళ్ళ దగ్గర. 1930లలో విల్లీ ఈసన్ లాంటివాళ్ళు హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతి చర్చిల్లో స్టీల్ గిటార్‌ని ప్రసంగం చేసే గొంతులా వాయించారు. సేక్రెడ్ స్టీల్ అంటారు. దాన్నుంచి వచ్చిన రాబర్ట్ రాండాల్ఫ్ పదమూడు తీగల పెడల్ స్టీల్ మీద వాయిస్తాడు. ఆయన వీడియోలు చూసేటప్పుడు కాళ్ళు కాదు, ఎడమ చెయ్యి చూడండి. ఒకే స్వరాన్ని నాలుగు రకాలుగా సమీపిస్తాడు. అది గమకం కాక ఇంకేమిటి? అలాగే నైజీరియా జుజు సంగీతంలో కింగ్ సన్నీ అడే బ్యాండ్‌లో డెమోలా అడెపోజు వాయించినది వినండి. గిటార్ల గుంపు మధ్యలో ఇది ఒక్కసారి మెరిసి తప్పుకుంటుంది. తక్కువ వాయించడం ఎలాగో అక్కడ తెలుస్తుంది. సూజన్ ఆల్కార్న్ అయితే అర్జెంటీనా స్వరకర్త పియాజోల్లా టాంగోల్ని దీని మీదకి తెచ్చింది. ఆవిడ 2025 జనవరిలో పోయింది. ఆ రికార్డింగులు వింటే నా మీద నాకు కోపం వస్తుంది.

జాజ్ నాకు కుదరలేదు. పెడల్ స్టీల్ వాయించే బడ్డీ ఎమన్స్ 1963లోనే జాజ్ ఆల్బమ్ చేసి చూపించాడు, నిజమే. కానీ దానికి సి-6 శ్రుతి ఉన్న రెండో నెక్ ఉంటే హాయి. నా ఈ-9 మీద జాజ్ అంటే ఇడ్లీ పాత్రలో బిర్యానీ వండడం. ఫాస్ట్ డాన్స్ పాటలూ అంతే. తీగ మోగకుండా అరచేతి అంచుతో ఆపుతూ ఉండాలి, లేకపోతే స్వరాలన్నీ ముద్దయిపోతాయి.

ఇక నా పరువు పోయిన కథ. 2022 సంక్రాంతి ఫంక్షన్‌లో పాత సినిమా మెలొడీ ఒకటి వాయించడానికి ఒప్పుకున్నాను. ఇంట్లో తంబూరాతో సాధన చేసేవాణ్ణి కాబట్టి గాంధారాన్ని తంబూరాకి కలిసేలా పెట్టుకున్నాను. చాలామంది స్టీల్ వాయించేవాళ్ళు కూడా అలాగే దించి పెట్టుకుంటారు, అప్పుడే కార్డ్ తియ్యగా ఉంటుంది. కీబోర్డ్ గాంధారం దానికన్నా సుమారు 14 సెంట్లు పైన ఉంటుంది. అరమెట్టుకి నూరు సెంట్లు అని లెక్క. కీబోర్డ్ కుర్రాడు కార్డ్ పట్టుకుని నిలబడ్డాడు, నేను గాంధారం మీద నిలబడ్డాను, ఇద్దరి మధ్యా తేనెటీగ దూరినట్టు వూం వూం అని మోత. "అన్నా, నీ గాంధారం దిగిపోయింది" అని చెవిలో అన్నాడు. వాడి లెక్కలో వాడిది కరెక్టే. బార్ కాస్త పైకి జరిపితే గాంధారం కలుస్తుంది, షడ్జం పోతుంది. ఆ టెన్షన్‌లో బి పెడల్ గట్టిగా తొక్కాను. టంగుమని మూడో తీగ తెగింది.

ఈ మూడో తీగ గురించి దీన్ని వాయించే ఎవర్ని అడిగినా నిట్టూరుస్తారు. అంగుళంలో వెయ్యో వంతులు పదకొండు మందం. అసలే బాగా బిగించి ఉంటుంది, పెడల్ తొక్కినప్పుడల్లా ఇంకో అరమెట్టు లాగుతుంది. బ్రిడ్జి దగ్గర వంగే చోటే అరిగి తెగుతుంది. అప్పటినుంచి నెలకోసారి తెగకముందే మార్చేస్తున్నాను, కేసులో ఎప్పుడూ అర డజను ఉంటాయి. కీబోర్డ్‌తో వాయించాల్సి వస్తే ముందురోజే గాంధారాన్ని ఏడెనిమిది సెంట్లు పైకి లేపుకుంటాను. తంబూరాకీ నచ్చదు, కీబోర్డ్‌కీ నచ్చదు, జనానికి తెలియదు.

మిగతా కష్టాలు చిన్నవే. పెడల్ తొక్కితే చెక్క పెట్టె కొంచెం వంగి, ముట్టుకోని తీగలు కూడా రెండు మూడు సెంట్లు దిగుతాయి. ఒక్కడే వాయించుకుంటే పట్టదు. శ్రుతి చెయ్యడం అంటే పది తీగలతో అయిపోదు. ప్రతి పెడల్ లాగే స్వరాన్నీ పక్కన నైలాన్ నట్టు తిప్పి విడిగా సరిచెయ్యాలి, మొత్తం ఇరవైకి పైనే. వాల్యూమ్ పెడల్ లోపలి పాట్ (శబ్దాన్ని పెంచి తగ్గించే భాగం) రెండున్నరేళ్ళకి అరిగి గరగరమంది, మార్చాను. కేసుతో ఇరవై కిలోల పైమాటే, పై అంతస్తు అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆలోచించుకోండి. స్టూలు ఎత్తు రెండంగుళాలు తక్కువై మొదటి ఏడాది నడుం నొప్పి అనుభవించాను. మోకాలు లీవర్‌కి అందేలా ముందు ఎత్తు సరిచేసుకుని, ఆ తరవాతే సాధన మొదలుపెట్టండి.

పోయిన వేసవిలో ఐదో లీవర్ పెట్టించాను. ఎడమ మోకాలు పైకెత్తితే ఐదో తీగ అరమెట్టు దిగుతుంది, అంటే పంచమం ప్రతిమధ్యమం అవుతుంది. దాంతో కళ్యాణి కూడా ఒకే చోట, బార్ కదలకుండా దొరుకుతుంది: నిషాదానికి రెండో తీగ ఉండనే ఉంది. కళ్యాణి స్వరాలు అలా మీటుతూ పోతే మళ్ళీ హార్మోనియమే, అది తెలిసిందే. కానీ పై షడ్జం, కింద పంచమం కలిపి మీటి, అవి మోగుతుండగా మోకాలుతో పంచమాన్ని ప్రతిమధ్యమానికి దించి మళ్ళీ పైకి వదిలితే వచ్చే చప్పుడు గురించి నాకు ఇంకా మాటలు దొరకలేదు. మొన్న అమ్మకి ఫోన్లో వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మధ్యమం ఇంకొంచెం ఆగితే బాగుండేదిరా, తొందరపడ్డావు" అంది. ఆవిడ చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. ఈ వారం అదే సాధన చేస్తున్నాను.