బెంగళూరు మేడ మీద నుంచి: వెస్టానా, తోకచుక్కా?

వెస్టా అనే గ్రహశకలాన్ని వెతకాలా, తోకచుక్కనా? కొత్తగా బైనాక్యులర్స్ కొన్నవాళ్లందరికీ వచ్చే సందేహమే ఇది. ముఖ్యమైన తేడా కక్ష్యలో ఉంది.

వెస్టా అంగారకుడికీ గురుడికీ మధ్య, దాదాపు గుండ్రటి దారిలో 3.6 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టొస్తుంది. సుమారు 17 నెలలకోసారి మనకు దగ్గరై బాగా వెలుగుతుంది. తోక ఉండదు, మామూలు చుక్కే. రెండు మూడు రాత్రులు కాగితం మీద చుక్కలు గుర్తు పెట్టుకుని, ఏ చుక్క చోటు మారిందో పట్టుకోవాలి. నాకైతే ఆ ఓపికలోనే అసలు ఆనందం.

తోకచుక్కల దారి బాగా సాగి ఉంటుంది. 200 ఏళ్లలోపు తిరిగొచ్చేవి స్వల్పకాలికాలు: ఎంకే 3.3 ఏళ్లకు, హేలీ సుమారు 76కి. మిగతావి మన జీవితకాలానికి పోతే పోయినట్టే. ఎంత వెలుగుతాయో గ్యారంటీ లేదు.

బైనాక్యులర్స్ ఖర్చు రెండింటికీ ఒకటే. బెంగళూరులోని వైట్‌ఫీల్డ్ లాంటి చోట లైట్ల మధ్య ఉంటే వెస్టా; ఊరు దాటి చీకట్లోకి వెళ్లగలిగితే తోకచుక్క.