తొమ్మిదేళ్లుగా నా పాత డీజిల్ బండిలో ఉన్న మల్టీమీటరు

వోల్టులు, యాంపియర్లు, ఓమ్‌లు కొలిచే ఈ మీటరును 2016లో 650 రూపాయలకు కొన్నాను. పసుపుపచ్చ రబ్బరు తొడుగు, నడుమ తిప్పే మీట, ఎరుపు నలుపు తీగలు. అప్పటికే నా పికప్ పన్నెండేళ్ల పాతది. మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్టుకు టమాటా తోలే బండి. ఇంజనులో కంప్యూటర్ లేదు, డీజిల్ పంపు పూర్తిగా పాత కాలపు యాంత్రిక పంపు. ఒకసారి స్టార్ట్ అయ్యాక ఇంజను నడవడానికి స్టాప్ సోలెనాయిడ్‌ను, అంటే డీజిల్‌ను వదిలే కరెంటు మూతను, తెరిచి ఉంచేంత కరెంటు చాలు. ఇంత సాదా బండిలో కరెంటు జబ్బులు ఇట్టే దొరుకుతాయని అనుకున్నాను.

దొరకలేదు. పదకొండు నెలల్లో రెండు బ్యాటరీలు మార్పించారు. ప్రతిసారీ ఒకటే మాట: "బ్యాటరీ పోయిందన్నా, కొత్తది వేసేద్దాం." మూడోసారి అదే మాట విన్నప్పుడు బ్యాటరీకి బదులు మీటరు కొన్నాను.

మొదటి నెలలోనే డబ్బు తిరిగి వచ్చింది. బండి ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, మధ్యలో మీటరును 10 యాంపియర్ల రంధ్రంలో పెట్టి కలిపాను. 0.42 యాంపియర్లు చూపింది. ఇలాంటి బండి నిద్రపోతున్నప్పుడు 0.05 దాటకూడదు. మూడు రోజులు కదలకుండా నిలిపితే బ్యాటరీ నిల్వలో 30 యాంపియర్ అవర్లు కారిపోతాయి. నాది 75 యాంపియర్ అవర్ల బ్యాటరీ. ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా పీకాను, అంకె కదలలేదు. చివరికి నెగెటివ్ మళ్లీ విప్పి, బ్యాటరీని చార్జ్ చేసే డైనమో వెనక ఉన్న లావు తీగను తీసి, దాని కొసకు టేపు చుట్టి కలిపితే 0.01కి పడిపోయింది. కరెంటును ఒకవైపే పోనివ్వాల్సిన డైనమోలోని డయోడ్లు చెడి, రాత్రంతా బ్యాటరీని వెనక్కి తాగుతున్నాయన్నమాట.

మన డీజిల్ బండ్లలో చాలావాటికి బ్రేకు పెడలును తేలిక చేసే బూస్టరుకు గాలి లాగే వాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది. దాని సీలు కారితే ఇంజను నూనె డైనమోలోకి చేరుతుంది. నాది విప్పితే లోపల జిగట మడ్డి. డయోడ్ ప్లేటు, బుష్షులు, సీలు మార్పించాను. ఆ బ్యాటరీ నాలుగేళ్లు పనిచేసింది. డైనమో విప్పిన బండిని పక్క వీధికైనా నడపకండి. బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోతుంది.

ఇంతవరకు మీటరును మెచ్చుకున్నాను. ఇక అది నన్ను ముంచిన సంగతి. నిజానికి ముంచింది అది కాదు, నా వాడకం.

ఒక రాత్రి పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగే ముందు టీకి ఆపాం. బయలుదేరబోతే సెల్ఫ్ మూలుగుతూ అర చుట్టు తిరిగి ఆగింది. మీటరు తీశాను. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. సెల్ఫ్ మోటారు దగ్గర కూడా 12.5. కరెంటు నిండుగా వస్తోంది, కనుక మోటారే పోయిందని తీర్మానించాను. తోసి స్టార్ట్ చేసి సరుకు దించి వచ్చాక మోటారు విప్పించాను. బల్ల మీద అది గిర్రున తిరిగింది. విప్పిన కూలి దండగ.

పొరపాటు ఇది: ఎవరూ తాళం తిప్పనప్పుడు కొలిచాను. మల్టీమీటరు వోల్టులు కొలిచేటప్పుడు దాదాపు కరెంటే తీసుకోదు. ఒక్క పోగు మిగిలిన తీగ గుండా కూడా దానికి 12 వోల్టులు నిక్షేపంగా కనిపిస్తాయి. మోటారుకు కావలసింది వందల యాంపియర్లు. ఈసారి నల్ల ముల్లును బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర ముల్లును ఇంజను దిమ్మె మీద ఆనించి, క్లీనరును సెల్ఫ్ కొట్టమన్నాను. 3.4 వోల్టులు! అక్కడ 0.2 దాటితేనే అనుమానించాలి.

బ్యాటరీ నెగెటివ్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రెండింటినీ కలిపి, కరెంటును తిరిగి బ్యాటరీకి చేర్చే అల్లిక ఎర్త్ పట్టీ గేరుబాక్సు పక్కన, బురద పడేచోట ఉంటుంది. నాది పచ్చగా చిలుము పట్టి పొడి రాలుతోంది. దారి దొరకని కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. అంతకు నెల ముందు ఆక్సిలరేటర్ కేబుల్ తొడుగు కరిగి పట్టేస్తే, కంపెనీ సరుకు కాదని దుకాణంలో గొడవ పెట్టుకుని వచ్చాను. సెల్ఫ్ కరెంటు ఆ కేబుల్ గుండా పోయిందని అప్పుడు తెలిసింది. దుకాణదారుకు క్షమాపణ చెప్పలేదు, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కొత్త పట్టీ 180 రూపాయలు.

అప్పట్లో లావు తీగలను ఓమ్‌ల మీద కూడా, అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో, కొలిచేవాణ్ని. అది వృథా. 300 యాంపియర్లు పారేచోట 0.01 ఓమ్ అడ్డు ఉన్నా 3 వోల్టులు తినేస్తుంది. ఈ మీటరేమో రెండు ముళ్లూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.3 చూపుతుంది.

అందుకే దానికి ఒక జోడు చేశాను: 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు అతికించి, క్లిప్పులు పెట్టాను. పది నిమిషాల పని. ఎక్కడ అనుమానమో అక్కడ ఈ బల్బు తగిలించి, అది వెలుగుతూ కరెంటు లాగుతుండగా మీటరు పెడతాను. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతోందని నెలపాటు స్విచ్చులు మార్చారు. వెనక లైటు హోల్డరులో ఉత్త మీటరుకు 12.3 చూపింది, బల్బు తగిలించగానే 4కు జారింది. మళ్లీ ఎర్తే. లైటు పెట్టె వెనక తుప్పు పట్టిన స్క్రూ గీకి బిగించాను, అంతే.

చలిలో స్టార్ట్ చేసే ముందు ఇంజను లోపల వేడెక్కించే హీటర్ ప్లగ్గులకు మాత్రం ఓమ్‌లు పనికొచ్చాయి. డిసెంబరు తెల్లవారుజామున మా ఊరి చలికి ఇంజను తెల్లపొగ కక్కుతూ అలిగేది. ప్లగ్గుల మీది పట్టీ తీసి చూస్తే నాలుగింట్లో రెండు అసలు పలకలేదు.

లోపాలు చెప్పాలి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు ఇది అంకెలు పెంచి చూపుతుంది. ఒకసారి చార్జింగు 15.8 అంది; చార్జింగును అదుపుచేసే కటౌట్ కొనడానికి బయలుదేరి, అనుమానమొచ్చి ముందు ఆ బ్యాటరీ మార్చాను. 14.1 వచ్చింది. 10 యాంపియర్ల రంధ్రానికి ఫ్యూజు లేదు. తీగ అక్కడే ఉంచి మరచిపోయి బ్యాటరీ వోల్టులు చూడబోతే మెరుపు మెరిసి ముల్లు కొస కరిగింది. వేలు తప్పించుకుంది. తీగలు మొదట్లో విరిగి మూడు జతలు మార్చాను. తెరకు వెలుగు లేదు. చీకట్లో ఫోను పళ్ల మధ్య పెట్టుకుని చదవాలి. ఆఫ్ చేయడం మరిస్తే తనంతట తాను ఆరిపోదు.

ఇప్పుడు తెరలో ఒక గీత పోయింది, 8 కూడా 6లా కనిపిస్తుంది. కొత్తది తీసుకునే ముందు చుట్టూ తిరిగాను. తీగను విప్పకుండా పట్టుకారులా పట్టి కరెంటు కొలిచే క్లాంపు మీటరు కావాలి. దుకాణాల్లో చవకగా దొరికేవి చాలావరకు ఇంటి కరెంటును, అంటే ఏసీని మాత్రమే కొలుస్తాయి; బండి మీద సున్నా చూపుతాయి. డీసీ యాంపియర్లు కొలుస్తుందని డబ్బా మీద రాసి ఉన్నది 2,400 చెప్పారు. టమాటా ధర నిలబడితే వచ్చే నెల కొంటాను. ఆ 21 వాట్ల బల్బు మాత్రం పెట్టెలోనే ఉంటుంది.