మిలిటరీ ట్రక్కు కొంటే ఒక టన్నా, రెండున్నర టన్నులా, స్టాలియనా: ఏది మేలు?

చేవెళ్ల, శంకర్‌పల్లి, షాద్‌నగర్ వైపు తోటలు కొనుక్కున్నవాళ్లు, అనంతగిరి దాకా వెళ్లి రాత్రి బండిలోనే పడుకునేలా కట్టించుకోవాలనుకునేవాళ్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. సైన్యం వదిలేసిన ట్రక్కుల్లో ఏ సైజు తీసుకోవాలి? అడిగేవాళ్లలో చాలామంది మనసులో అప్పటికే అశోక్ లేలాండ్ వాళ్ల పెద్ద మిలిటరీ ట్రక్కు స్టాలియన్ ఉంటుంది. ధరలో పెద్ద తేడా లేనప్పుడు పెద్దదే తీసుకుంటే పోలా అంటారు. కొనేటప్పటి తేడా నిజంగానే పెద్దది కాకపోవచ్చు. ఆ తర్వాత ఉంచుకోవడంలో మాత్రం చాలా ఉంది.

ముందు టన్నుల లెక్క. మామూలు లారీ మోసే బరువు రోడ్డు మీది లెక్క. సైన్యం చెప్పే టన్నులు దారి లేని నేల మీద మోయాల్సిన బరువు. అందుకే స్టాలియన్‌ను ఒకరు 5 టన్నులదంటే ఇంకొకరు 7.5 టన్నులదంటారు. బండి అదే. మొదటిది నేల మీది లెక్క, రెండోది రోడ్డు మీది లెక్క. ఒక టన్ను, రెండున్నర టన్నులు అన్నవీ ఇలా కాస్త తగ్గించి చెప్పినవే కాబట్టి, మనకు కావాల్సిన దానికంటే ఒక సైజు ఎక్కువ తీసుకుంటేనే ధీమా అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు.

నా దృష్టిలో తేల్చాల్సింది బండి ఎంత మోస్తుందన్నది కాదు, ఖాళీగా ఎంత తూగుతుందన్నది. సొంతానికి వాడే ట్రక్కు ఎక్కువ కాలం ఖాళీగానే తిరుగుతుంది. స్టాలియన్ ఖాళీగానే దాదాపు 7 టన్నులు, రెండున్నర టన్నుల టాటా ఎల్‌పీటీఏ 713 దాదాపు 5, నిస్సాన్ ఒక టన్ను బండి 3 టన్నుల దరిదాపు. స్టాలియన్ కమాన్ పట్టీలు టన్నులకొద్దీ సామాను ఎక్కితేనే వంగేలా కట్టినవి. నలుగురు మనుషులతో, రెండు సంచులతో పోతే అవి వంగవు. గుంత పడ్డ ప్రతిసారీ వెనక చక్రం నేల వదిలి లేస్తుంది. తడి తారు మీద గట్టిగా బ్రేకు వేస్తే బరువు లేని వెనక చక్రాలు ముందే బిగుసుకుపోయి తోక పక్కకు జారుతుంది. పూర్తి బరువుకు చెప్పిన గాలి ఖాళీ బండికి కొడితే టైరు మధ్యలోనే అరుగుతుంది.

లోపల పడక, వంటగది కట్టించుకున్నా బరువు ఎంత అవుతుందో చూడండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 8×4 షీటు ఒకటి 36 కిలోల దాకా ఉంటుంది. పన్నెండు షీట్లకు 430. ఇనుప చట్రం 300, 200 లీటర్ల నీళ్లకు 200, పరుపులు, స్టవ్, బ్యాటరీలు అన్నీ కలిపి 150, ఆరుగురు మనుషులకు 390. మొత్తం ఒకటిన్నర టన్నుకు కాస్త తక్కువ. ఒక టన్ను బండికి ఇది ఎక్కువ. రెండున్నర టన్నుల బండికి సరిగ్గా సరిపోతుంది, కమాన్లు కూడా హాయిగా కూర్చుంటాయి. స్టాలియన్‌కు ఇది మోతే కాదు.

ఇక చక్రం. స్టాలియన్ వాడేది 12.00-20 టైరు. రిమ్, ట్యూబు, ఫ్లాపు, లాక్ రింగుతో కలిపితే ఒక్క చక్రమే వంద కిలోలు దాటుతుంది. రోడ్డు పక్కన ఒక్కరు దాన్ని నిలబెట్టి, స్టడ్డులకు సరిచూసి ఎక్కించడం ప్రమాదం. పక్కకు వాలితే కాలు నలిగిపోతుంది. స్టెప్నీ దించడానికి, ఎక్కించడానికి ఇద్దరు బలమైన మనుషులు, 10 టన్నుల జాకీ, నాలుగడుగుల పైపు వేసి తిప్పే వీల్ పానా ఉండాలి. ఎల్‌పీటీఏకు కూడా 20 అంగుళాల రిమ్మే గానీ, చక్రం తేలిక. పొడవైన గడ్డపారతో, అలవాటున్న మనిషి ఒక్కడే సర్దుకోగలడు. ఒక టన్ను బండి చక్రం 16 అంగుళాలది, దానితో ఇబ్బందే లేదు.

టైరును రిమ్ము మీద పట్టి ఉంచే లాక్ రింగు గురించి విడిగా చెప్పాలి. ఇలాంటి రిమ్ముకు రింగు తీసేముందు వాల్వ్ పిన్ను పూర్తిగా ఊడదీసి, సన్నటి తీగ దూర్చి, గాలి మొత్తం పోయిందని చూసుకోవాలి. మళ్లీ గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టాలి. బోను లేకపోతే చక్రం చుట్టూ గొలుసు చుట్టి, రింగు వైపు ఎవరూ నిలబడకుండా పొడవైన గొట్టంతో దూరం నుంచి కొట్టాలి. తుప్పు పట్టిన, వంగిన రింగు ఎగిరితే ప్రాణం తీస్తుంది. కార్ల పంక్చర్ షాపులో ఈ పని చేయించొద్దు. లారీ టైర్ల షాపులోనైనా ముందు బోను ఉందా అని అడగండి.

పాత మిలిటరీ టైర్ల గుబ్బలు కొత్తగా మెరుస్తుంటాయి, అది చూసి మోసపోవద్దు. గోడ మీద అచ్చైన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పదేళ్లు దాటినదైతే గోడ మీద వెంట్రుకంత పగుళ్లు కనిపించకపోయినా మార్చాల్సిందే. నైలాన్ టైరు నెలల తరబడి ఒకేచోట నిలబడితే నేలకు ఆనిన చోట చదునై, వేగం పెరిగాక దడదడలాడుతుంది. కొద్ది కిలోమీటర్లు నడిచి వేడెక్కాక ఆ దడ తగ్గకపోతే టైరు పోయినట్టే. ఆరు టైర్లు కాదు, స్టెప్నీతో కలిపి ఐదే. ఈ బళ్లకు వెనక కూడా సింగిల్ చక్రాలే ఉండటం ఒక మంచి.

మన నేల సంగతి. హైదరాబాద్ దాటి పడమరకు వెళ్తే ఎర్ర చెల్క, మధ్యమధ్యలో నల్లరేగడి. ఆగస్టు వాన పడ్డాక రేగడిలో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా బరువే ఓడిస్తుంది. ఒక టన్ను బండి దిగబడితే ఊళ్లో ట్రాక్టరు లాగుతుంది. రెండున్నర టన్నులదైతే రెండు ట్రాక్టర్లు, లేదా తవ్వి పలకలు వేసి బయటపడొచ్చు. స్టాలియన్ ఇరుసు దాకా కూరుకుంటే జేసీబీ రావాలి, అది కూడా అదే రేగడిలోకి దిగాలి. చేను గట్టు కింద వేసిన సిమెంటు గొట్టాల కల్వర్టులు ట్రాక్టరును దృష్టిలో పెట్టుకుని వేసినవి. రెండున్నర మీటర్ల వెడల్పు బండి 12 అడుగుల గేటులో నేరుగా దూరుతుంది గానీ, గేటు ముందు దారి ఇరుకై మలుపు తీసుకుని దూరాల్సి వస్తే 14 అడుగులు కావాలి. తోట దగ్గరికి వెళ్లి టేపు పట్టి కొలిచాకే బండి చూడ్డానికి పోండి.

లైసెన్సు, పన్ను దగ్గర కూడా బరువే గీత గీస్తుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకు బండి మొత్తం బరువు 7500 కిలోలు దాటకపోతే అది లైట్ వెహికల్. అలాంటి బండిని మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో మరోసారి తేల్చింది. ఒక టన్ను బండి ఈ గీతకు చాలా కింద ఉంటుంది. స్టాలియన్ చాలా పైన ఉంటుంది. దానికి హెవీ లైసెన్సు, పగటిపూట నగరంలోకి రానివ్వని ఆంక్షలు, పాత భారీ బళ్లకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పవు. 20 ఏళ్లు దాటిన భారీ ట్రక్కు ఫిట్‌నెస్ రుసుమును కేంద్రం 2025 నవంబరులో 2,500 నుంచి 25,000 రూపాయలకు పెంచింది. ఎల్‌పీటీఏ 713 మాత్రం గీత మీదే ఉంటుంది. ఖాళీ బరువు, మోసే బరువు కలిపితే 7500 దరిదాపుల్లోకి వస్తుంది. అందుకని ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు కళ్లతో చూడకుండా బయానా ఇవ్వొద్దు.

బరువే చూస్తే ఒక టన్ను బండే గెలవాలి. దాన్ని వెనక్కి లాగేది ఇంజిన్. నిస్సాన్ పెట్రోల్, ఆరు సిలిండర్లు, 3956 సీసీ. సైన్యం పాత జీపు జోంగాలో ఉన్నదీ ఇదే. నునుపుగా, చప్పుడు లేకుండా తిరిగే మంచి ఇంజిన్, కానీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే సంతోషించాలి. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అది పాత రబ్బరు గొట్టాలను, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరిచి పగలగొడుతుంది. ఇనుప ట్యాంకులో తేమ పీల్చుకుని అడుగున తుప్పు పట్టిస్తుంది. మే నెల ఎండలో పంపు దగ్గరే ఆవిరై ఇంజిన్ ఆగుతుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు, కొత్త డయాఫ్రమ్, పంపుకు ముందు ఒక ఫిల్టరు, కార్బురేటర్ జెట్టు కాస్త పెద్దది వేయించుకుంటే నడుస్తుంది. నెలకు మించి నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకు నిండా కొట్టించి పెట్టండి, ఖాళీ జాగా ఉంటేనే తేమ చేరుతుంది. డిస్ట్రిబ్యూటర్ క్యాపు, వాటర్ పంపు లాంటివి రాణిగంజ్‌లో అడిగితే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరికినప్పుడే రెండు తీసిపెట్టుకోవాలి.

ఎల్‌పీటీఏ 713 లోపల ఉన్నది టాటా 697 టర్బో డీజిల్. టాటా లారీల్లో, బస్సుల్లో ఏళ్లకేళ్లు నడిచిన ఇంజిన్. సెన్సర్లు లేవు, పంపు, నాజిళ్లు అంతా మెకానికల్. దీన్ని విప్పి కట్టిన మేస్త్రీలు ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. లైనర్లు, పిస్టన్లు, గాస్కెట్లు, క్లచ్చు ప్లేటు అప్పటికప్పుడు దొరుకుతాయి. దొరకనివి ముందు ఇరుసువి, ట్రాన్స్‌ఫర్ కేసువి, అంటే రెండు ఇరుసులకూ బలం పంచే గేరు పెట్టెవి. కాబట్టి బండి చూసేటప్పుడు ఇంజిన్ కంటే వాటి మీదే సమయం పెట్టండి. స్టాలియన్‌దీ ఇదే కథ, హినో ఇంజిన్ లేలాండ్ మేస్త్రీలకు కొట్టిన పిండి.

ఇన్ని చూశాక నా మొగ్గు రెండున్నర టన్నుల వైపే. వంద కిలోమీటర్లు దాటి ప్రయాణాలు, లోపల పడక, ఏడాదికి నాలుగైదు సార్లు అడవి దారి అనుకునేవాళ్లకు మరో ఆలోచన అక్కర్లేదు. ఇంటి నుంచి తోటకు 30, 40 కిలోమీటర్లే తిరుగుతూ, యాభై కిలోల ఎరువు బస్తాలు ఇరవై మోస్తే చాలనుకునేవాళ్లు ఒక టన్ను బండి తీసుకోవచ్చు. స్టాలియన్ తీసుకోవడానికి నాకు తోచే కారణం ఒకటే: మీకు నిజంగా నాలుగైదు టన్నుల సరుకు, ఉదాహరణకు నీళ్ల ట్యాంకు, క్రమం తప్పకుండా ఉండటం.

సైన్యం పాత ట్రక్కు శక్తిమాన్‌ది గొప్ప చరిత్ర, 1959 నుంచి 1996 దాకా జబల్‌పూర్‌లో తయారైంది. విడిభాగాల కోసం ఇంకో శక్తిమాన్‌ను విప్పగలిగిన వాళ్లకే అది. జోంగా, జిప్సీ ట్రక్కులు కావు, మనుషులకైతే చాలు. జోంగాలో డీజిల్ ఇంజిన్ మార్చి ఆర్‌సీలో పెట్రోల్ అనే ఉంటే వదిలేయండి.

కాగితాలు. సైన్యం బళ్లు ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలంలో, ఉన్నచోట ఉన్నట్టుగా అమ్ముడవుతాయి. స్క్రాప్ కింద, కాలం తీరిన బళ్ల కింద పెట్టిన లాట్లు రోడ్డు మీదికి రావు, వాటిని తుక్కు చేసే అనుమతి ఉన్న కేంద్రాలే కొంటాయి. రిజిస్ట్రేషన్ కావాలంటే సైన్యం అధికారులు ఇచ్చిన ఫారం 21 అమ్మకం పత్రం అసలుది చేతిలో ఉండాలి. నకలు పనికిరాదు. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండైతే ఫారం 28 ఎన్‌ఓసీ తీసుకుని, ఛాసిస్ మీద చెక్కిన నంబరును పెన్సిల్‌తో కాగితం మీద రుద్ది ఆర్‌సీతో పోల్చుకోండి. వేరే ప్లేటు అతికించిన ఆనవాలు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. పడక, వంటగది కట్టించడం బండి రూపం మార్చడం కిందికి వస్తుంది, ఆర్టీఏ ముందస్తు అనుమతి లేకుండా మొదలుపెట్టొద్దు. సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్‌గా నమోదైతే అది రవాణా వాహనం కాదు. ఆలివ్ గ్రీన్ రంగు సైన్యానికే, మనం ఉంచుకోకూడదు. ఆ రంగు మార్చాకే తనిఖీకి తీసుకెళ్లండి.

బండి దగ్గర చూడాల్సినవి. ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసుల నూనె బిరడాలు విప్పించండి. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు దిగినట్టు, బేరింగులు లెక్కలోకి తీసుకోవాలి. ముందు చక్రాలను పూర్తిగా తిప్పి, లో గేరులో మెల్లగా కదిలించండి. టకటకమంటే ముందు ఇరుసు జాయింట్లు అరిగాయి, దొరకడం కష్టమన్నది అవే. గాలి బ్రేకుల బండిలో మీటరు నిండాక ఇంజిన్ ఆపి పది నిమిషాలు కూర్చోండి. ముల్లు కళ్లకు కనిపించేంత దిగితే ఎక్కడో కారుతోంది, సబ్బునీళ్లు పూసి జాయింట్లు వెతకాలి. మీటతో ఫోర్ వీల్ వేసే బండిని ఆరిన తారు మీద ఆ గేరులో నడిపి చూపిస్తానంటే ఆపండి, గేర్లు బిగుసుకుని విరుగుతాయి.

ఇంటికి తెచ్చాక ముందు ఇంజిన్, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు ఇరుసుల నూనెలు, డీజిల్ ఫిల్టర్లు, బ్రేకు గొట్టాలు, ఫ్యాన్ బెల్టులు మార్చండి. డీజిల్ ట్యాంకు దించి కడిగించండి, ఏళ్లు నిలబడిన ట్యాంకు అడుగున చేరిన నల్లటి జిగురే నాజిళ్లను మూసేది. 24 వోల్టుల బండిలో పాటలకో ఫోన్ ఛార్జింగుకో రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే వైరు లాగితే, ఆ ఒక్కటి తరిగిపోయి రెండోది ఎక్కువ ఛార్జై ఉబ్బుతుంది. 24 నుంచి 12 వోల్టులకు దించే కన్వర్టరు పెట్టించండి.